పాత రేడియోల్లో కెపాసిటర్లు మార్చాలంటే: ముందు బోర్డును కాపాడుకోండి

పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం వైపు మన ఇళ్లలో అటకల మీద పాత ఫిలిప్స్‌లు, మర్ఫీలు, బుష్‌లు, టేప్‌రికార్డర్లు ఇంకా చాలానే ఉన్నాయి. విశాఖ 927, కటక్ 972 అని ముల్లు తిప్పుకుంటూ విన్న సెట్లు అవి. ఎవరో ఒకరు దించి, దుమ్ము దులిపి ప్లగ్గు పెడతారు, గుయ్‌మని మోత వస్తుంది లేదంటే పుట్‌పుట్‌మని కొట్టుకుంటుంది, దాంతో ఇది అయిపోయిందిలే అని పాత సామాన్లవాడికి ఇచ్చేస్తారు. దయచేసి ఇచ్చేయకండి. చాలాసార్లు లోపల నాలుగైదు ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు మారిస్తే చాలు, సెట్టు మళ్లీ పాడుతుంది. కెపాసిటర్ కొద్ది రూపాయలకే దొరుకుతుంది, ఆ బోర్డు మాత్రం ఇక ఎక్కడా దొరకదు, అందుకే కింద చెప్పే ప్రతి పనిలోనూ నేను ముందు చూసుకునేది బోర్డునే.

ఇవి ఎందుకు పోతాయో ముందు తెలుసుకుంటే పని తేలికవుతుంది. లోపల రెండు అల్యూమినియం రేకులు, మధ్యలో ద్రవంలో తడిపిన కాగితం, ఒక రేకు మీద సన్నని ఆక్సైడ్ పొర ఉంటాయి. కింద ఉన్న రబ్బరు మూత గుండా ఆ ద్రవం ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా ఆవిరైపోతుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుందని లెక్క, మన రేకుల ఇళ్లలో వేసవి అటక సంగతి చెప్పక్కర్లేదు కదా. దీనికి తోడు గోపాలపురం సముద్రతీరం వైపు ఉప్పుగాలి కెపాసిటర్ కాళ్లకీ, బోర్డు మీది సన్నని రాగి దారులకీ (ట్రాకులు) చిలుము పట్టిస్తుంది. 2013లో ఫైలిన్‌కో 2018లో తిత్లీ తుఫానుకో తడిసిన సెట్టయితే ముందు శుభ్రం చేసి, గాలి తగిలేచోట కొన్ని రోజులు బాగా ఆరబెట్టండి, ట్రాన్స్‌ఫార్మర్‌తో సహా. అప్పటిదాకా ప్లగ్గు ఊసే వద్దు.

అసలు ఏ పాత సెట్టయినా తిన్నగా కరెంటులో పెట్టకండి, ఎలా పెట్టాలో చివర్లో చెప్తాను. గాజు బుడ్ల వాల్వు రేడియోలో 250, 300 వోల్టుల డీసీ ఉంటుంది, ప్లగ్గు తీసేశాక కూడా మెయిన్ కెపాసిటర్లలో ఛార్జి నిలిచి ఉండొచ్చు, ప్రాణం మీదకి తెచ్చే షాక్ అది. పది కిలో ఓమ్‌ల, 5 వాట్ల రెసిస్టర్‌కి రెండువైపులా క్లిప్పులు పెట్టుకుని, ప్లగ్గు పూర్తిగా తీసేశాక, దాన్ని కెపాసిటర్ రెండు కొసల మధ్య తగిలించండి. 50 మైక్రోఫారడ్ ఉంటే రెండు మూడు సెకన్లలో దాదాపు ఖాళీ అయిపోతుంది, అయినా ఓ పావు నిమిషం ఉంచి, మల్టీమీటర్‌తో వోల్టేజీ చూసుకున్నాకే చెయ్యి పెట్టండి. స్క్రూడ్రైవర్‌తో టప్‌మని షార్ట్ చేసే అలవాటు మంచిది కాదు, దానివల్ల కెపాసిటరూ దెబ్బతింటుంది, నిప్పురవ్వ కంట్లో పడొచ్చు. ఇంకొకటి, యూవై85, యూసీఎల్82 లాంటి యూ సిరీస్ వాల్వులున్న చాలా సెట్లలో ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, ఛాసిస్ (లోపలి లోహపు చట్రం) నేరుగా మెయిన్స్‌కే కలిసి ఉంటుంది. సెట్టుని మెయిన్స్ నుంచి విడదీసే ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా వాటి జోలికి వెళ్లకండి. ఈ పని కొత్తగా నేర్చుకునేవాళ్లు ఆరు, తొమ్మిది వోల్టుల బ్యాటరీ ట్రాన్సిస్టర్ రేడియోతో మొదలుపెట్టడం అన్నిటికన్నా మేలు.

ఏది పోయిందో ఎలా తెలుస్తుంది? ఉబ్బినవి, కింద జిగురులా కారినవి ఎలాగూ కనిపిస్తాయి, కానీ చాలావరకు పైకి నిక్షేపంలా ఉండి లోపల ఎండిపోతాయి. కాబట్టి లక్షణాన్ని బట్టి వెళ్లాలి. వాల్యూమ్ పూర్తిగా తగ్గించినా గుయ్‌మనే మోత పోకపోతే పవర్ సప్లై ఫిల్టర్ కెపాసిటర్ మీద అనుమానం. పుట్‌పుట్‌మని కొట్టుకుంటుంటే బ్యాటరీ లైన్‌కి అడ్డంగా ఉన్న పెద్దది ఎండిపోయి ఉంటుంది. గొంతు పీలగా, బేస్ లేకుండా వస్తుంటే స్పీకర్‌కి వెళ్లే కప్లింగ్ కెపాసిటర్ చూడండి. మామూలు మల్టీమీటర్‌లో విలువ సరిగ్గానే చూపించి ఈఎస్ఆర్, అంటే లోపలి నిరోధం, మాత్రం బాగా పెరిగిపోయిన కెపాసిటర్లు ఎన్నో ఉంటాయి, అందుకే తరచుగా ఈ పని చేసేవాళ్లు ఈఎస్ఆర్ మీటర్ కొనుక్కోవడం మంచిది. మీటర్ లేకపోతే, సెట్టు ఆపి, అనుమానం ఉన్నదానికి అదే విలువ గల కొత్తది ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్ క్లిప్పులతో తగిలించి, మళ్లీ ఆన్ చేసి వినండి. మోత తగ్గితే దొంగ దొరికినట్టే. వాల్వు సెట్లో అయితే తగిలించే ముందూ తీసే ముందూ పైన చెప్పినట్టు ఛార్జి దించాల్సిందే.

అన్నీ ఒకేసారి పీకేసి కొత్తవి వేసేద్దాం అనుకోకండి. ముందు ఫోన్‌తో బోర్డు పైవైపు, కిందవైపు వెలుతురులో ఫొటోలు తీసుకోండి. తర్వాత ఒక్కటి మార్చి, ఆన్ చేసి, విని, అప్పుడు రెండోది. ఇలా చేస్తే ఏదైనా తేడా వచ్చిందంటే ఆఖరున ముట్టుకున్నచోటే చూస్తే సరిపోతుంది, లేదంటే పది చోట్ల వెతుక్కోవాలి.

షాపులో కెపాసిటర్‌ని కండెన్సర్ అని అడిగితేనే తొందరగా ఇస్తారు. పాత సెట్లలో 8, 16, 32, 50, 250, 500 మైక్రోఫారడ్ లాంటి విలువలుంటాయి, ఇప్పుడవి సులువుగా దొరకవు. 8కి 10, 32కి 33, 50కి 47, 250కి 220, 500కి 470 వేసుకోవచ్చు, పర్వాలేదు. వోల్టేజీ మాత్రం పాతదానికి తగ్గకూడదు, ఎక్కువైతే నష్టం లేదు. మన పల్లెల్లో వోల్టేజీ ఎలా ఎగిరిపడుతుందో తెలుసు కాబట్టి, వాల్వు సెట్లో 350 ఉన్నచోట నేను 450 వోల్టులదే వేస్తాను. 105 డిగ్రీల వేడి తట్టుకునేదే తీసుకోండి, 85 డిగ్రీలదానికీ దానికీ ధరలో పెద్ద తేడా ఉండదు. వాల్వు సెట్లో ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్ వెంటనే ఉండే మొదటి కెపాసిటర్ విలువ మాత్రం మోత ఇంకా తగ్గుతుందన్న ఆశతో పెంచకండి, ఆన్ చేసినప్పుడల్లా లాగే కరెంటుకి రెక్టిఫయర్ వాల్వు దెబ్బతింటుంది. ఏళ్ల తరబడి అరలో పడున్న సరుకు వద్దు, అలా ఉన్నవీ ఎండుతాయి. కన్నూరులో తయారయ్యే కెల్ట్రాన్‌వి గానీ, నిచికాన్, పానాసోనిక్, రూబికాన్ గానీ నమ్మకమైన చోట కొనండి. స్థానికంగా దొరకకపోతే హైదరాబాద్ వెళ్లేవాళ్లతో కోఠి గుజరాతీ గల్లీ నుంచి తెప్పించుకోవచ్చు. అగ్గిపుల్ల తలంత డబ్బా మీద 1000 మైక్రోఫారడ్, 50 వోల్టులు అని రాసి ఉంటే అది నకిలీయే.

ఇక ప్లస్, మైనస్. ఇక్కడే ఎక్కువమంది పప్పులో కాలేస్తారు. కొత్తవాటిలో పొడుగు కాలు ప్లస్, ఒంటి మీద గీత ఉన్నవైపు మైనస్. రెండు కొసల నుంచీ కాళ్లు వచ్చే పాత రకంలో డబ్బాకి గాడి పడిన కొస ప్లస్. బోర్డు మీద అచ్చును గుడ్డిగా నమ్మకండి, కొందరు తెల్లగా నింపినవైపు మైనస్ అంటారు, కొందరు దాన్నే ప్లస్ చేస్తారు. ఏసీ126, ఏసీ128 లాంటి జెర్మేనియం ట్రాన్సిస్టర్లున్న పాత రేడియోల్లో ఇంకో చిక్కుంది: అవి పీఎన్‌పీ రకం కావడంతో చాలా సెట్లలో బ్యాటరీ ప్లస్సే గ్రౌండ్‌కి వెళ్తుంది. గ్రౌండ్ అంటే మైనస్సే అని అలవాటుపడిన చెయ్యి అక్కడ ఒక్కొక్కటిగా అన్నీ తిరగేసి పెట్టేస్తుంది, కాసేపటికి అవి వేడెక్కుతాయి, పేలినా పేలతాయి. దీనికి తేలికైన ఉపాయం ఉంది. పాతది పీకక ముందే, బ్యాటరీ సెట్టు ఆన్‌లో ఉండగా, దాని రెండు కాళ్ల మధ్య డీసీ వోల్టేజీ చూడండి. మీటర్లో మైనస్ గుర్తు రాకపోతే ఎర్ర ప్రోబ్ ఉన్న కాలే ప్లస్. అది చీటీ మీద రాసుకుని, పాతదాని మీదున్న గుర్తుతో సరిపోల్చుకోండి, రెండూ కలవకపోతే అక్కడ ఇంతకుముందే ఎవరో చెయ్యి పెట్టారన్నమాట.

తీయడం దగ్గర ఓపిక కావాలి. గోధుమరంగు ఫినాలిక్ బోర్డు మీద రాగి ట్రాకు అప్పడంలా ఉంటుంది, వేడి ఎక్కువైతే పొరలా లేచిపోతుంది. 25 వాట్ల ఐరన్ చాలు, ఒకసారికి రెండు మూడు సెకన్లకి మించి ఆనించకండి. పాత లెడ్ (టంకం) గట్టిపడి సరిగ్గా కరగదు, అందుకని ముందు దాని మీద కొంచెం కొత్త 60/40 లెడ్ కరిగించండి, అప్పుడు రెండూ కలిసి నీళ్లలా పారతాయి, వెంటనే లెడ్ పీల్చే సక్కర్‌తో లాగేయొచ్చు. కాలు ట్రాకు మీదికి వంచి ఉంటే, లెడ్ కరిగి ఉండగా చిమటా (పట్టకారు) కొనతో నిటారుగా లేపండి. అది లేవకుండా పైనుంచి లాగారా, ట్రాకు కూడా దాంతోపాటే వచ్చేస్తుంది. అసలు పాత కెపాసిటర్‌ని కాపాడాల్సిన అవసరం ఏముంది? పైవైపు నుంచే రెండు కాళ్లూ కత్తిరించి, డబ్బా పక్కన పడేసి, మిగిలిన ముక్కల్ని ఒక్కొక్కటిగా వేడిచేసి చిమటాతో తీయండి, ట్రాకు మీద ఒత్తిడే ఉండదు. బోర్డు మరీ పెళుసుగా ఉంటే ఆ ముక్కల్ని అలాగే వదిలేసి, పైనుంచే వాటికి కొత్తదాని కాళ్లు అతికించినా తప్పు లేదు, చూడ్డానికి అందంగా ఉండదంతే.

కింద ద్రవం కారి ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పాత టూత్‌బ్రష్‌తో పూర్తిగా కడగండి. ఆకుపచ్చగా చిలుము పట్టిన ట్రాకుని రాగి మెరిసేదాకా మెల్లగా గీకి, పల్చగా లెడ్ పూయండి. లేచిపోయిన లేదా తెగిన ట్రాకు పక్కనే కత్తిరించిన కెపాసిటర్ కాలు ముక్కను పరిచి రెండువైపులా అతికిస్తే గట్టిగా నిలబడుతుంది. డబ్బాల్లో అమ్మే పేస్టుల్లో కొన్నిట్లో ఆసిడ్ ఉంటుంది, తర్వాత రాగిని తినేస్తుంది, రోజిన్ ఉన్న లెడ్ తీగే వాడండి. కిటికీ తెరిచి పెట్టుకుని, లెడ్ ముట్టుకున్న చేతులు కడుక్కున్నాకే టీ తాగండి.

రెండు కొసల నుంచీ కాళ్లు వచ్చే పొడుగు కెపాసిటర్ స్థానంలో కొత్త నిలువు రకం పెట్టాల్సి వస్తే పొడవాటి కాలికి స్లీవ్ తొడగండి, డబ్బా ఊగకుండా కింద కొంచెం జిగురు వేయండి. వాల్వు సెట్లో రెండు మూడు కెపాసిటర్లు కలిపి ఒకే పెద్ద అల్యూమినియం డబ్బాలో ఉంటాయి. అందం కోసం డబ్బాని అక్కడే ఉంచి, దాని వైర్లు పూర్తిగా విప్పేసి, ఛాసిస్ కింద ట్యాగ్ స్ట్రిప్ మీద కొత్తవి బిగించండి. పాతదాన్ని కూడా లైన్లోనే ఉంచి పక్కన కొత్తది కలపడం మాత్రం వద్దు, లీకయ్యే కెపాసిటర్ ఎప్పటికైనా షార్ట్ అవుతుంది.

మెయిన్స్ సెట్టుకి మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు 60 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు సిరీస్‌లో పెట్టండి, ఎల్ఈడీ పనికిరాదు. బల్బు ఒక్కసారి వెలిగి మందగిస్తే మంచిదే. వెలుగు తగ్గకుండా అలాగే ఉండిపోతే వెంటనే ఆపేయండి, ఎక్కడో షార్టో, తిరగేసి పెట్టిన కెపాసిటరో ఉంది. అంతా సవ్యంగా ఉంటే బల్బు తీసేసి అరగంట వినండి, తర్వాత ఆపి, ఛార్జి దించి, కొత్త కెపాసిటర్లు వేడెక్కాయేమో వేలితో చూడండి, పక్కన వేడి వస్తువేదీ లేకుండా వెచ్చబడితే అనుమానించాలి. గొంతు ఇంకా బండగా, పగిలినట్టు ఉంటే ఎలక్ట్రోలైటిక్‌ని వదిలేసి, అవుట్‌పుట్ వాల్వు గ్రిడ్‌కి వెళ్లే మైనపు కాగితం కెపాసిటర్‌ని చూడండి, అది లీకైతే వాల్వే కాలిపోతుంది, దాని బదులు అదే విలువ గల 630 వోల్టుల ఫిల్మ్ రకం వేయండి, దానికి ప్లస్సు మైనస్సుల గొడవ కూడా ఉండదు.