టపాసుల మోతకు బెదిరే కుక్కకు లోపలి గది

విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం మొదలుకొని దీపావళి ముగిసే వరకు డప్పుల హోరు, బాణసంచా మోత తప్పవు. ఆ చప్పుళ్లకు బెదిరిన పెంపుడు కుక్క గేటు సందులోంచి దూరి పారిపోతే, ముఖ్యంగా సిరిమాను (పూజారి కూర్చునే పొడవాటి మాను) మూడు లాంతర్ల కూడలి నుంచి కోట వైపు సాగే మంగళవారం నాటి జనంలో, దానిని వెతికి పట్టుకోవడం గగనమే.

అందుకు మేము పాటిస్తున్న పద్ధతి ఇది. పండుగకు వారం ముందు నుంచే, వీధికి దూరంగా ఉన్న గదిలో కుక్క రోజూ పడుకునే గోనెపట్టాను వేసి, సాయంత్రం అన్నం అక్కడే పెట్టి, అరగంట సేపు తలుపు ఓరగా వేసి అలవాటు చేయాలి. పండుగ నాడు పొద్దుగుంకక ముందే బయట తిప్పి తీసుకువచ్చి, కిటికీకి పాత బొంతను రెండు మడతలుగా కట్టి, ఫ్యాను వేసి, రేడియోను మామూలు ధ్వనిలో పెడితే చాలు. వెలుపలి మోత పూర్తిగా ఆగదు గానీ, ఉలిక్కిపడేంత తీవ్రంగా వినిపించదు. నీళ్ల గిన్నె మరవకూడదు. మెడపట్టీపై పైకి కనిపించేలా చెరగని సిరాతో ఫోను నంబరు రాయాలి. పాయసంలోని కిస్‌మిస్ కుక్కలకు విషంతో సమానం కనుక, ముద్దుకొద్దీ తినిపించే చుట్టాలకు ముందే చెప్పి ఉంచడం మేలు.

అలవాటు లేని కుక్కను ఆ రోజే గదిలో పెట్టి గడియ వేస్తే ఈ ఉపాయం పారదు. అది తలుపు గీకి గోళ్లు విరగ్గొట్టుకుంటుంది. అటువంటప్పుడు ఇంట్లో ఒకరు దానితో పాటే కూర్చోవాలి. అప్పటికీ వణుకు, చొంగ తగ్గకపోతే పశువైద్యుని అడగాలి తప్ప, మనుషుల నిద్రమాత్ర వేయకూడదు.