రాయలసీమ ఎండలో తామర: తొట్టిలో పెంపకం, వంటింట్లో వాడకం

తామరను పూజకు పనికొచ్చే పూవుగానే చూడడం మనకు అలవాటు. కానీ ఆ మొక్క దుంప, గింజ, లేత ఆకు తినదగినవే, ముదురు ఆకు విస్తరిగా పనికొస్తుంది. కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల్లో నీరు తక్కువ, ఎండ ఎక్కువ కాబట్టి ఇది మన ఇళ్ళలో పెరిగే మొక్క కాదని చాలామంది అనుకుంటారు. నిజానికి తామరకు అన్నిటికంటే ముందు కావలసింది ఎండే. రోజుకు ఆరు గంటలైనా నేరుగా ఎండ తగలని చోట అది ఆకులు వేస్తుందే తప్ప సరిగా పూయదు, దుంప ఊరదు. ఇక నీటి సంగతి చూస్తే, 60 సెంటీమీటర్ల వెడల్పున్న గుండ్రటి తొట్టిలో మండు వేసవిలో రోజుకు ఒక సెంటీమీటరు నీరు ఆవిరైనా అది మూడు లీటర్లకు మించదు. ఆకులు పీల్చి వదిలే నీటిని కూడా కలుపుకుంటే రోజుకు సగం బిందె చాలు. మన ప్రాంతంలో తామరకు అసలు చిక్కు వచ్చేది నీరు ఎంత ఉందనే దగ్గర కాదు, ఆ నీరు, మట్టి ఎలాంటివనే దగ్గర.

మొక్కను కొనేముందు అది తామరో కలువో తేల్చుకోవాలి, ఎందుకంటే రెండింటినీ తామర పేరుతోనే అమ్మేవారు ఉన్నారు. కలువ ఆకుకు అంచు నుంచి కాడ దాకా చీలిక ఉంటుంది, ఆ ఆకు నీటి మీదే తేలుతుంది. తామరాకు చీలిక లేకుండా నిండుగా గుండ్రంగా ఉంటుంది, కాడ సరిగ్గా ఆకు నడుమ అతుక్కుని ఉంటుంది, ముదిరిన మొక్క ఆకులు నీటికి పైన గొడుగులా నిలబడతాయి. కడియం నర్సరీల నుంచి మన ఊళ్ళకు వచ్చే మొక్కలను కూడా ఈ గుర్తులతో చూసి తీసుకోవడం మంచిది. మొక్కతోపాటు గుర్రపుడెక్క పిలకలు వస్తే వాటిని ఏరి ఎండలో పడేసి చంపాలి, కాలువలోకో చెరువులోకో విసరకూడదు. ఇంకొక మాట: తామరలో గులాబీ, తెలుపు, పసుపు రంగులూ వాటి కలయికలూ ఉన్నాయి గానీ నీలం రంగు తామర లేదు. నీలి తామర, నల్ల తామర అని బొమ్మ వేసి అమ్మే గింజల పొట్లాలకు డబ్బు పెట్టవద్దు.

దుంప కోసం పెంచాలా, పూల కోసం పెంచాలా అన్నది కూడా మొదటే నిర్ణయించుకోవాలి. పూలకోసం ఎంపిక చేసిన రకాల దుంప వేలంత సన్నగానే ఉంటుంది. అది తినడానికి పనికొస్తుంది గానీ కూరకు చాలినంత రాదు. ఉత్తరాది మార్కెట్లలో కమల్ కకడీ పేరుతో అమ్మే లావు దుంపలు వేరే రకాలవి. వాటికి తొట్టి కూడా పెద్దది కావాలి. ఒకటే తొట్టి ఉన్నవారు పూల రకాన్ని పెట్టుకుని గింజలు తినడం మేలని నా అభిప్రాయం.

తొట్టి గుండ్రంగా ఉండాలి, అడుగున రంధ్రం ఉండకూడదు. తామర దుంప మట్టిలో అడ్డంగా పరుగెత్తుతూ పెరుగుతుంది. గుండ్రటి తొట్టిలో అది గోడ వెంబడి తిరుగుతూ పోతుంది, మూలలున్న తొట్టిలో కొత్త మొన మూలలో ఇరుక్కుని ఎదుగుదల ఆగిపోతుంది. బేతంచెర్ల నాపరాళ్ళతోనో కడప బండలతోనో తొట్టి కట్టించుకునే వీలు మన జిల్లాల్లో ఉంది, చూడటానికి అవి ఎంతో బాగుంటాయి. అయితే నాలుగు మూలలనూ సిమెంటుతో వంపు తిప్పించుకోవాలి. కొత్త సిమెంటు నుంచి సున్నం నీటిలోకి దిగుతుంది కనుక, మొక్క పెట్టే ముందు రెండు మూడు వారాల పాటు నీరు నింపి, పారబోసి, మళ్ళీ నింపుతూ ఉండాలి. నల్ల ప్లాస్టిక్ టబ్బు మే నెల ఎండకు సలసల కాగిపోతుంది. అది తప్ప వేరే లేనప్పుడు దాన్ని సగం దాకా నేలలో పాతి, పైకి కనిపించే భాగానికి గోనెపట్టా చుట్టాలి. సిమెంటు తొట్టికి వెలుపల సున్నం కొడితే చాలు. 60 సెంటీమీటర్ల వెడల్పు, 40 నుంచి 45 సెంటీమీటర్ల లోతు ఒక మొక్కకు సరిపోతుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో తొట్టి మీద గట్టి ఇనుప వల తప్పనిసరిగా బిగించాలి.

మట్టి విషయంలో నర్సరీ మిశ్రమం, కొబ్బరిపొట్టు, ఆకుల ఎరువు ఏవీ పనికిరావు. అవి నీటిలో తేలతాయి, కుళ్ళుతాయి. తామరకు జిగటమన్ను కావాలి. ఎండిన చెరువు అడుగున దొరికే పూడిక మట్టిని మించింది లేదు. మన రైతులు పొలాలకు తోలుకునేదీ ఆ ఒండ్రునే. ఊరి మురుగు కలవని చెరువు మట్టిని తెచ్చి, బాగా ఎండబెట్టి, గడ్డలు చితక్కొట్టి, రాళ్ళూ వేర్లూ ఏరి వాడాలి. అది దొరకకపోతే నంద్యాల, కోవెలకుంట్ల వైపు నల్లరేగడి రెండు పాళ్ళు, ఎర్రమట్టి ఒక పాలు కలుపుకోవచ్చు. రేగడి ఒక్కటే వేస్తే నీటిలో ఉబ్బి బంకలా పట్టేస్తుంది, దుంపలు తీసేటప్పుడు విరిగిపోతాయి. తొట్టి అడుగున రెండు గుప్పెళ్ళు బాగా మాగిన పశువుల ఎరువు వేసి, దానిపైన 20 సెంటీమీటర్ల మందాన ఈ మట్టిని పరచాలి. పచ్చి పేడ గానీ, పచ్చి వేరుశనగ చెక్క గానీ వేయకూడదు. అవి నీటిలో పులిసి, కంపుకొట్టి, లేత వేర్లను కాల్చేస్తాయి.

ఇప్పుడు నీరు. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఒకటి ఉంది. విజయనగర రాజకుమారుడు భాస్కర భవదూరుడు ఆ చెరువు తవ్వించిన సందర్భంగా వేయించిన ఆ శాసనం మంచి చెరువుకు పన్నెండు అంగాలను, ఆరు దోషాలను లెక్కపెట్టింది. ఆ ఆరు దోషాల్లో చవిటి నేల ఒకటి. తొట్టికీ అదే దోషం పడుతుంది, అయితే నేల నుంచి కాదు, బోరు నుంచి. బోరు నీటిలో కరిగి ఉన్న లవణాలు నీటితోపాటు ఆవిరైపోవు. రోజూ ఆవిరైనంత నీరు మళ్ళీ పోస్తూ ఉంటే తొట్టిలో ఉప్పు నెలనెలా పేరుకుపోతుంది. ఆకు అంచులు గోధుమరంగుకు తిరిగి ఎండుతుంటే, తొట్టి గోడకు తెల్లటి చార కడుతుంటే కారణం చాలావరకు ఇదే. దీనికి మందు వాననీరే. అనంతపురంలో సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడుతుంది. పది చదరపు మీటర్ల రేకుల కప్పు మీద పడేది లెక్కకు 5,500 లీటర్లు. అందులో సగం పట్టి మూతవేసిన డ్రమ్ముల్లో దాచుకున్నా ఒక తొట్టికి సమృద్ధిగా సరిపోతుంది. బోరు నీరే దిక్కయినవారు పదిహేను రోజులకొకసారి తొట్టి నీటిలో మూడోవంతు తోడేసి కొత్త నీరు పోయాలి. తోడిన నీటిని కొబ్బరిచెట్టుకు పోస్తే వృథా కాదు. అనంతపురం జిల్లాలో చాలా ఊళ్ళ బోర్లలో ఫ్లోరైడు ఉంది గనుక, తినే పంటకు వాననీటినే ఎంచుకోవాలని గట్టిగా చెబుతాను.

గింజతో మొదలుపెట్టేవారికి తెలియవలసింది ఒక్కటే: దాని పెంకులోకి నీరు దూరదు. జపాన్‌లోని చిబా దగ్గర 1951లో ఇచిరో ఓగా అనే వృక్షశాస్త్రజ్ఞుడికి దాదాపు రెండు వేల ఏళ్ళ నాటివని లెక్కగట్టిన తామర గింజలు దొరికాయి. వాటిలో ఒకటి మొలిచి మరుసటి ఏడాది పూసింది. అంతకాలం ప్రాణాన్ని కాపాడిన ఆ పెంకును మనం రుద్ది తెరవాలి. గింజకు ఒక కొసన సన్నని మొన, రెండో కొసన చిన్న గుంట ఉంటాయి. గుంట ఉన్న కొసను ఎమరీ పేపరు మీదో గరుకు బండ మీదో, నల్లటి పెంకు కింద తెల్లటి పప్పు కొద్దిగా కనిపించేవరకే రుద్దాలి. లోతుకు పోతే మొలక దెబ్బతింటుంది. తర్వాత గాజుగ్లాసులో నీరు పోసి నానబెట్టి, రోజూ నీరు మార్చాలి. మరునాటికే గింజ ఉబ్బుతుంది, వారం లోపల మొలక కనిపిస్తుంది. ఉబ్బనివాటిని మళ్ళీ రుద్దాలి, ఉబ్బి కుళ్ళువాసన వచ్చేవాటిని తీసేయాలి. రెండు మూడు ఆకులు, తెల్లటి వేర్లు వచ్చాక చిన్న గిన్నెలో మట్టి వేసి నాటి, ఎదిగాక తొట్టికి మార్చాలి. గింజ మొక్క తల్లిలాగే పూస్తుందన్న భరోసా లేదు, తొలి పూవుకు రెండో ఏడు దాకా ఆగవలసి రావచ్చు.

దుంపతో అయితే అదే ఏడాది పూలు చూడవచ్చు. ఫిబ్రవరి, మార్చి నెలలు నాటడానికి అనువైనవి. ఎండ ముదిరేలోపు మొక్క కుదురుకుంటుంది. రెండు మూడు కణుపులు, విరగని మొన ఉన్న ముక్కను తీసుకోవాలి. మొన విరిగితే ఆ కణుపు ఇక ముందుకు సాగదు, కాబట్టి చేతిలో పట్టుకునేటప్పుడే జాగ్రత్త అవసరం. తొట్టి గోడ పక్కన, మొన కొద్దిగా పైకి ఉండేలా ఏటవాలుగా పడుకోబెట్టి, మూడు నాలుగు సెంటీమీటర్ల మట్టి కప్పి, తేలకుండా చదునైన రాయి ఒకటి పెట్టాలి. మొదట మట్టిపైన ఐదారు సెంటీమీటర్ల నీరు చాలు. ఆకులు పెరిగేకొద్దీ 15 నుంచి 20 సెంటీమీటర్ల దాకా పెంచాలి.

మొదటి ఆకులు నాణేల్లా నీటి మీద తేలతాయి. నిలబడే ఆకులు రెండు మూడు వచ్చేదాకా ఎరువు జోలికి పోకూడదు. ఆ తర్వాత నెలకొకసారి వర్మీకంపోస్టు, కొద్దిగా ఎముకల పొడి జిగటమట్టిలో కలిపి, నిమ్మకాయంత ఉండలు చేసి ఆరబెట్టి, మొనకు దూరంగా రెండు ఉండలను మట్టిలోకి లోతుగా నొక్కాలి. అక్టోబరు నుంచి ఆపేయాలి. తొలి వారాల్లో నీరు పచ్చబడితే కంగారుపడి మందులు వేయవద్దు, ఆకులు నీడ పట్టగానే అది తగ్గుతుంది. దోమలకు నాలుగైదు గప్పీ చేపలు చాలు. వాటిని చెరువుల్లోకి వదలకూడదు. పేనుబంక పట్టితే నీటిధారతో కడగాలి, లద్దెపురుగులను చేత్తో ఏరాలి. మనం తినేది, చేపలు బతికేది ఆ నీటిలోనే కాబట్టి పురుగుమందుకు ఇక్కడ చోటు లేదు.

ఎండిన ఆకులను కత్తిరించేటప్పుడు ఒక జాగ్రత్త ఉంది. తామర కాడ లోపల గొట్టాలుంటాయి, ఆకు పీల్చిన గాలి ఆ గొట్టాల గుండానే మట్టిలోని దుంపకు చేరుతుంది. కాడను నీటి మట్టానికి కిందుగా కోస్తే నీరు లోపలికి దిగి దుంప కుళ్ళుతుంది. ఎప్పుడూ నీటికి జానెడు పైనే కోయాలి.

పూవు మూడు నాలుగు రోజులు తెరుచుకుంటూ ముడుచుకుంటూ నిలుస్తుంది. గింజలు కావాలంటే దాన్ని కోయకుండా వదిలేయాలి. రేకలు రాలాక మధ్యలోని పచ్చటి కాయ పెద్దదవుతుంది, మూడు నాలుగు వారాలకు గింజలు నిండుతాయి. అప్పుడవి పచ్చగా, లేత బాదం రుచితో ఉంటాయి. పై తొక్క తీసి, గింజను రెండుగా విప్పి, నడుమనున్న ఆకుపచ్చని మొలకను తీసేసి తినాలి. ఆ మొలక చేదు, దానిలో రక్తపోటును తగ్గించే ఆల్కలాయిడ్లు ఉన్నాయి. బీపీ మందులు వాడేవారు దాన్ని కషాయంగా తాగాలనుకుంటే వైద్యుడిని అడిగే తాగాలి. కాయ మీదే ముదిరిన గింజ నల్లబడి రాయిలా గట్టిపడుతుంది. దాన్ని అడకత్తెరతో పగలగొట్టి, పప్పును రాత్రంతా నానబెట్టి, కుక్కరులో ఉడికించి పాయసంలో వేయవచ్చు. దోరగా వేయించి పొడి చేస్తే జావకు పనికొస్తుంది. అయితే వీటిని వేయిస్తే పేలాల్లా పొంగవు. అంగళ్ళలో తామర గింజలని అమ్మే తెల్లటి ఫూల్ మఖానా వేరే నీటిమొక్క గింజ. ముళ్ళ ఆకులుండే ఆ మొక్కను బీహారులోని దర్భంగా, మధుబని ప్రాంతాల్లో పండిస్తారు, మిథిలా మఖానాకు 2022లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

దుంపలు తవ్వడానికి డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా సరైన కాలం. మన దగ్గర చలి తక్కువ కనుక ఆకులు పూర్తిగా ఎండకపోవచ్చు, కొత్త ఆకులు ఆగిపోతే అదే గుర్తు. నీరు తోడేసి, పారతో కాకుండా చేతులతో మట్టి తొలగిస్తూ తీయాలి. రెండు చివర్లా కణుపు ఉండేలా కోస్తే లోపలి రంధ్రాల్లోకి బురద పోదు. వంద గ్రాముల పచ్చి దుంపలో సుమారు 17 గ్రాముల పిండిపదార్థం, 5 గ్రాముల పీచు, 44 మిల్లీగ్రాముల విటమిన్ సి ఉంటాయి. ఉడికిస్తే విటమిన్ కొంత పోతుంది, అయినా పచ్చిగా తినవద్దు. చెరువు మొక్కల మీద పేగుల్లో చేరే పరాన్నజీవుల పిల్లదశలు అంటుకుని ఉండే ప్రమాదం ఉంది, వేడికి అవి చస్తాయి. మురుగు చేరే చెరువుల్లోని దుంపలను ఉడికించినా తినకూడదు, సీసం వంటి లోహాలు వేడికి పోవు.

వేపుడుకు పావుకిలో దుంప తీసుకుని, చెక్కు తీసి, పలుచటి చక్రాలుగా తరిగి, నల్లబడకుండా వెంటనే చింతపండు రసం కలిపిన నీటిలో వేయాలి. ఉప్పు, పసుపు వేసిన నీటిలో పది పన్నెండు నిమిషాలు ఉడికించి వార్చాలి. నూనెలో ఆవాలు, మినప్పప్పు, కరివేపాకు వేగాక చక్రాలు వేసి సన్నసెగ మీద ఎర్రగా వేపి, వేయించిన వేరుశనగపప్పు, ఎండుమిరప, వెల్లుల్లి కలిపి దంచిన పొడి చల్లి దించాలి. ఎంత ఉడికినా కరకర పోదు, అది దాని గుణం. జొన్నరొట్టెకు ఇది చక్కగా కుదురుతుంది. ఉల్లిపాయలతో పులుసు పెడితే రాగిసంకటికి బాగుంటుంది. ఎక్కువ దుంపలు వచ్చినప్పుడు ఊరమిరపకాయల పద్ధతి పాటించాలి. ఉడికించిన చక్రాలను ఉప్పు కలిపిన పుల్ల మజ్జిగలో రాత్రి ఊరబెట్టి, పగలు ఎండబెట్టి, మజ్జిగ ఇంకేదాకా అలాగే చేసి, గలగలలాడేలా ఎండాక జాడీలో పోసుకుంటే ఏడాదంతా పప్పన్నంలోకి వేయించుకోవచ్చు.

తవ్విన దుంపలన్నీ వంటింటికి చేరకూడదు. బలమైన మొన, రెండు కణుపులు ఉన్న ముక్కలు రెండింటిని తడిగోనెలో చుట్టి పక్కన పెట్టి, తొట్టిలోని పాత మట్టిలో సగం తీసి మల్లెపాదులకు వేసి, ఆ మేరకు కొత్త ఒండ్రు నింపి, అదే రోజు సాయంత్రం లోపల నాటేయాలి.