జీరో టికెట్

ఎక్కడికెళ్లినా మా ఆయనకు ఫోన్‌లో లొకేషన్ పెట్టాలి. జీతం పడగానే ఆయన ఖాతాకు పంపాలి. ఆరేళ్లు అదే ప్రేమనుకున్నాను.

ఒకరోజు మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తే, హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే సఖి కేంద్రానికి వెళ్లమన్నారు. కొట్టడమే కాదు, డబ్బు గుంజుకోవడం, మాటలతో కుంగదీయడం కూడా గృహహింసేనని 2005 చట్టంలో ఉందట, అక్కడే తెలిసింది.

హన్మకొండలో అక్క ఇంటికి చేరాక యూపీఐ పిన్, మెయిల్ పాస్‌వర్డ్ మార్చాను. తీరా చూస్తే ఆధార్‌కు ఉన్నది ఆయన నంబరే! అది మార్చడానికే రెండుసార్లు తిరిగాను. (చాలామంది మరిచిపోయేది ఇదే.)

మొదట్లో ఫోన్ మోగితే గుండె దడ. సాయంత్రాలు భద్రకాళి చెరువు కట్ట మీద నడిచేదాన్ని. మొన్న ఆదివారం ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్‌తో ములుగు బస్సెక్కి, అక్కడి నుంచి రామప్పకు ఒక్కదాన్నే వెళ్లాను. ఎక్కడున్నావని ఎవరూ అడగలేదు. చెట్టు కింద కూర్చొని అక్క కట్టిచ్చిన సర్వపిండి తిన్నాను. కారం కొంచెం ఎక్కువైంది.