నాన్న కుడి చేతికి చింతపిక్కలు

మెడ ఎడమవైపు రక్తనాళంలో పేరుకున్న కొవ్వు తీసే ఆపరేషన్, కెరోటిడ్ ఆపరేషన్ అంటారు, అయిన మర్నాడే మా నాన్నకు కుడి చెయ్యి పడిపోయింది, మాట పోయింది. చిన్న రక్తపు గడ్డ ఒకటి మెదడుకు వెళ్లిందన్నారు. నెల్లిమర్ల ఇంటికి తెచ్చాక మేం ఏమేం చేశామో రాస్తున్నాను.

ముందు మింగడం సంగతి. థెరపిస్టు పరీక్ష చేసి సరే అనేదాకా నోట్లో నీళ్లు కూడా పోయకండి. పల్చనివి గబుక్కున జారి ఊపిరితిత్తుల్లోకి పోతే నిమ్ము చేస్తుంది. నాన్నకు చిక్కగా ఉండేవే ఇమ్మన్నారు. మన చోడంబలి, అంటే రాగి అంబలి, దానికి బాగా కుదిరింది. ఉండలు లేకుండా కాచి, చెంచా వంచితే ధార కట్టకుండా ముద్దగా జారేలా చేసేవాళ్లం. నిటారుగా కూర్చోబెట్టి, ఒక చెంచా మింగాకే ఇంకొకటి. తిన్నాక అరగంట పడుకోనివ్వలేదు. దగ్గు వచ్చినా, గొంతు గరగరలాడినా అక్కడితో ఆపేయాలి.

పడిపోయిన చెయ్యి పట్టుకుని మనిషిని లేపకండి. చూడ్డానికొచ్చిన చుట్టం ఒకాయన ప్రేమగానే అలా లాగారు, నాన్న భుజం నొప్పితో పది రోజులు వ్యాయామమే ఆగిపోయింది.

చేతికి చింతపిక్కలు పెట్టాం. పళ్లెంలో ఇరవై, ఒక్కొక్కటే తీసి గ్లాసులో వెయ్యాలి, రోజుకు నాలుగుసార్లు. ఎడమ చెయ్యి ఒళ్లో పెట్టుకోమనేవాళ్లం, లేకపోతే సాయానికి అదే వచ్చేస్తుంది. మొదటి వారమంతా బొటనవేలు పిక్కను తోసిందే తప్ప పట్టలేదు. తొమ్మిదో రోజు పిక్క వేళ్ల మధ్య నిలిచింది, గ్లాసు అంచుకు తగిలి కింద పడింది. అమ్మ దాన్ని ఏరి కొంగున ముడేసుకుంది.

"నీళ్లు" అనలేని మనిషి, మేం "ఒకటి, రెండు" అని అందిస్తే పది దాకా చెప్పేశారు. వారాల పేర్లూ అంతే. నోటికి వచ్చేసిన వరసలు అలా మిగలడం మామూలేనట, అక్కడి నుంచే మొదలుపెట్టండి. తడుముకుంటుంటే మాట మీరు అందించేయకండి, ఆగండి. ఆగడమే నాకు అన్నిటికన్నా కష్టమైంది.

గొంతు బొంగురుపోవడం, నాలుక ఒక పక్కకు పోవడం మెడలో నరం నలగడం వల్ల కూడా రావచ్చు. చాలామందికి నెలల్లో సర్దుకుంటుంది, డాక్టరుకు మాత్రం చూపించండి.

ఆపరేషన్ అయిన నెలలోపు ఆ వైపే భరించలేని తలనొప్పి, ఫిట్స్, బీపీ బాగా పెరగడం, వీటిలో ఏది కనిపించినా ఆలోచించకుండా 108కి ఫోన్ చెయ్యండి. మాట, చెయ్యి, మూతి మళ్లీ తేడా చేసినా అంతే. ఆస్పిరిన్, బీపీ బిళ్లలు మీ అంతట మీరు ఆపకండి. మేం రెండు పూటలా బీపీ చూసి గోడ క్యాలెండర్ మీదే రాశాం, చెకప్‌కి ఆ కాగితమే చించి పట్టుకెళ్లాం.