కాలేజీకి అప్లై చేస్తున్న పిల్లలకు రికమండేషన్ లెటర్ ఎలా రాయాలి?

ఎప్‌సెట్‌కైనా జేఈఈకైనా ర్యాంకు చాలు, టీచర్ మాట ఎవరూ అడగరు. అందుకే మన హైదరాబాద్ స్కూళ్లలో చాలామందిమి ఈ లెటర్లు రాయడం ఎక్కడా నేర్చుకోలేదు. ప్లస్ టూ పిల్ల స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర నిలబడి, "మేడమ్, అమెరికాకి అప్లై చేస్తున్నా, నాకు లెటర్ రాస్తారా?" అని అడిగేసరికి ఏం రాయాలో తోచదు. నేను ఫిజిక్స్ చెప్తాను. మొదట్లో నేనూ 'తెలివైనది, చురుకైనది, క్రమశిక్షణ గలది' అని పదాలు పేర్చి పంపేదాన్ని. పేరు మారిస్తే ఆ లెటర్ క్లాసులో ఎవరికైనా సరిపోతుంది. ఆ పిల్లలకు అన్యాయం చేశానన్న బాధ ఇప్పటికీ ఉంది. ఆ తర్వాత నాకు కుదిరిన పద్ధతి ఇది.

1. ఒప్పుకునే ముందు ఆలోచించండి

ఆ పిల్ల గురించి మార్కులు కాకుండా ఇంకేదైనా చెప్పగలరా? చెప్పలేకపోతే అప్పుడే చెప్పేయండి: "నీ గురించి నాకంటే మీ లెక్కల సార్‌కి బాగా తెలుసు, ఆయన్ని అడుగు నాన్నా." మొహమాటానికి ఒప్పుకుని రాసిన లెటర్ చప్పగా ఉంటుంది, నష్టం పిల్లకే.

ఏ కాలేజీలు, ఏ తేదీలు అన్నది కూడా అప్పుడే రాసుకోండి. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లకు గడువు అక్టోబరు 15. అమెరికాలో ముందస్తు దరఖాస్తులకు చాలాచోట్ల నవంబరు 1, మామూలు వాటికి జనవరి మొదటివారం. మనకు దసరా, దీపావళి సెలవులు సరిగ్గా ఆ రోజుల్లోనే వస్తాయి. కనీసం నెల ముందు అడగమని పిల్లలకు జూలైలోనే చెప్పి పెడితే ఇద్దరికీ టెన్షన్ ఉండదు.

2. కూర్చోబెట్టి మాట్లాడండి

సర్టిఫికెట్ల ఫైలు తెస్తారు. అది పక్కన పెట్టి అడగండి: "నా క్లాసులో నీకు బాగా గుర్తున్న రోజు ఏది? ఎవరూ చెప్పకుండా నీ అంతట నువ్వు వెతికి తెలుసుకున్నదేంటి?" ఇరవై నిమిషాలు చాలు. తర్వాత తెలుగు టీచర్నీ, పీఈటీ సార్‌నీ ఓ మాట అడగండి. మనకు కనిపించని పిల్ల వాళ్లకు కనిపిస్తుంది.

3. కళ్లారా చూసిన ఒక్క సంగతి పట్టుకోండి

లెటర్‌కి ప్రాణం ఇదే. ఒక ఉదాహరణ చెప్తాను.

నీటి పీడనం లోతును బట్టే ఉంటుందని పాఠం చెప్తున్నాను. ఒకమ్మాయి లేచి, "మేడమ్, గండిపేట చెరువులో అంత దూరం నీళ్లు పరుచుకుని ఉంటాయి కదా, అవన్నీ కలిసి కట్టను తోయవా?" అంది. తోయవని చెప్పాను. తను నమ్మలేదని మొహంలోనే తెలుస్తోంది.

సోమవారం ఒక నీళ్ల బాటిల్, ఒక ఖాళీ పెయింట్ బకెట్ పట్టుకుని వచ్చింది. రెండింటికీ ఒకే మేకుతో రంధ్రం పెట్టింది. ధారలు ఒకేలా పడలేదు. మొహం చిన్నబోయింది కానీ సామాను సర్దెయ్యలేదు. రంధ్రం లోతును అడుగు నుంచి కొలిచానే, నీటి మట్టం నుంచి కదా కొలవాలి అని తనే పట్టుకుంది. పాత రంధ్రాలు మూసి, రెండింట్లోనూ నీటి మట్టం నుంచి ఒకే లోతులో మళ్లీ రంధ్రం పెట్టింది. బాటిల్ కింద పుస్తకాలు పేర్చి రెండు రంధ్రాలనూ నేల నుంచి ఒకే ఎత్తుకు తెచ్చింది. ఈసారి రెండు ధారలూ ఒకే దూరంలో పడ్డాయి. ల్యాబ్ నేలంతా తడిసింది. తుడిచి మరీ వెళ్లింది.

'జిజ్ఞాస ఎక్కువ' అని రాస్తే చదివేవాళ్లు తల ఊపి పేజీ తిప్పేస్తారు. ఈ బకెట్ సంగతి చదివితే ఆ పిల్ల వాళ్ల కళ్లముందు నిలబడుతుంది. ప్రశ్న ఏంటి, ఎక్కడ తప్పింది, అప్పుడేం చేసింది అన్నవి మూడూ రాయండి. తప్పిన చోటు దాచకండి, పిల్ల గుణం తెలిసేది అక్కడే.

ఇంగ్లీషులో రాయాలి కదా అని నేరుగా ఇంగ్లీషులో మొదలుపెడితే నాకు మళ్లీ ఆ పాత పదాలే వస్తాయి. అందుకే ముందు ఇంట్లోవాళ్లకు చెప్పినట్టు తెలుగులో రాసుకుంటాను, తర్వాత మారుస్తాను.

4. 'ఆల్‌రౌండర్' అని రాయకుండా చూపించండి

డాన్స్, చెస్, ఒలింపియాడ్ అని జాబితా ఇవ్వకండి, దరఖాస్తులో అది ఎలాగూ ఉంటుంది. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి ఆ పిల్ల ఎలా వెళ్లిందో రాయండి. అదే అమ్మాయి అసలు గండిపేట ఎందుకు కట్టారని వెతుక్కుంటూ 1908 సెప్టెంబరు 28 మూసీ వరదల దాకా వెళ్లింది. ఆ వరద తర్వాతే విశ్వేశ్వరయ్యను పిలిపించారనీ, 1920కి ఈ గండిపేట, అంటే ఉస్మాన్ సాగర్, పూర్తయిందనీ తెలుసుకుంది. ఆ రోజు నూటయాభై మంది ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నారని చెప్పుకునే చింతచెట్టును చూడ్డానికి వాళ్ల తాతయ్యను వెంటబెట్టుకుని ఉస్మానియా ఆస్పత్రికి వెళ్లింది. వచ్చి స్కూల్ మ్యాగజైన్‌కి తెలుగులో వ్యాసం రాసింది. ఇది నాకు మా తెలుగు టీచర్ చెప్పారు, లెటర్‌లో కూడా ఆవిడ చెప్పారనే రాశాను.

5. నిజమే రాయండి, మీరే రాయండి

"నువ్వే రాసుకురా, సంతకం పెడతా" అనే అలవాటు మన దగ్గర ఉంది. దయచేసి వద్దు. పదిహేడేళ్ల పిల్ల తనను తాను పొగుడుకోలేదు, కన్సల్టెన్సీ వాళ్లు రాస్తే అందరివీ ఒకేలా ఉంటాయి. అమెరికా కాలేజీలకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసే కామన్ యాప్‌లో లెటర్ చూసే హక్కు వదులుకుంటున్నానని విద్యార్థి ఒప్పుకునే చోటు కూడా ఉంటుంది. మన మాట స్వేచ్ఛగా రావాలనే ఆ ఏర్పాటు.

అక్కడే పిల్లను మిగతావాళ్లతో పోల్చే పట్టిక ఒకటి వస్తుంది. 'నా సర్వీసులో చూసిన అతికొద్దిమందిలో ఒకరు' అన్న గడిని ప్రేమకొద్దీ అందరికీ టిక్ చేయకండి. నిజంగా అలాంటి పిల్ల వచ్చిన రోజున మీ మాటకు బలం ఉండదు.

6. పంపే ముందు

ఒక పేజీ, మహా అయితే పేజీన్నర. పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉందా, ఇంటిపేరు ముందా వెనకా చూడండి. స్కూల్ ఇచ్చిన మెయిల్ ఐడీనే వాడండి. కాపీ దాచుకోండి.

సబ్మిట్ కాగానే పిల్లకు ఒక్క మెసేజ్ పెట్టండి: "పంపేశాను అమ్మా." ఆ మెసేజ్ కోసం ఇంట్లో అందరూ ఎదురుచూస్తుంటారు.