మోకాలు విరిగితే కట్టా, ఆపరేషనా?

అనంతపురంలో ఎముకల వార్డులో చాలా ఏళ్లుగా చూస్తున్నా, బండి మీంచి పడి మోకాలు బుడగలా వాచి వస్తే అందరూ ఎక్స్‌రే వెలుతురుకు పట్టుకుని చూస్తారు గానీ పాదం మీద నాడి చూసేవాళ్లు తక్కువ. ముందు అది చూడండి బాబూ. నాడి అందకపోయినా, పాదం చల్లబడినా ఎముక సంగతి తర్వాత, మోకాలి వెనక రక్తనాళం దెబ్బతిందేమో వెంటనే తేల్చాలి. పిక్క రాయిలా బిగుసుకుని, కాలి వేళ్లు కదిపితే కేకలు పెడుతుంటే, లోపల కండరాల్లో ఒత్తిడి పెరిగినట్టే, నాడి ఉన్నా సరే, అది దించడానికి అప్పటికప్పుడు ఆపరేషనే.

కాలు నిటారుగా లేవట్లేదు

మోకాలి చిప్ప విరిగి విడిపోయి ఉంటుంది, లేదా దాని పైనో కిందో టెండన్, అంటే కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే తాడులాంటిది, తెగి ఉంటుంది. నొప్పికి లేపట్లేదని అనుమానమా? కీలులోని రక్తం తీసి, ఆ కీలు వరకే మత్తుమందు ఎక్కించి మళ్లీ లేపించండి. అప్పటికీ లేవకపోయినా, చిప్ప ముక్కల మధ్య ఎడం 3 మిల్లీమీటర్లు మించినా, లోపలి తలంలో మెట్టు, అంటే ముక్కల ఎత్తుపల్లం, 2 మిల్లీమీటర్లు మించినా ఆపరేషన్. లేస్తోంది, ముక్కలు కదల్లేదు అంటే నిటారుగా కట్టు చాలు.

ఎక్స్‌రే బాగానే ఉంది, అడుగు మాత్రం పడట్లేదు

నేను పొరపాటు చేసింది ఇక్కడే. గుత్తి వైపు నుంచి ఒక వేరుశనగ రైతు వచ్చాడు, పక్కనుంచి ఆటో తగిలిందట. ఎక్స్‌రేలో సన్నటి గీత తప్ప ఏమీ లేదు, పిండికట్టు వేసి పంపించేశాను. మూడు వారాలకు మోకాలు లోపలికి వంగిపోయి తిరిగొచ్చాడు. పక్క దెబ్బకు తొడ ఎముక గుబ్బ టిబియా (మోకాలి కింది పెద్ద ఎముక) పైతలాన్ని కిందికి నొక్కేస్తుంది, మట్టిమిద్దె నడిమధ్య కుంగినట్టు. ముందు నుంచి చూస్తే గోడ బాగానే ఉంటుంది, పైకెక్కితేనే గుంత కనబడేది. ఆ పైకెక్కడమే సీటీ స్కాన్. సీటీ రాయడానికి మనసొప్పకపోతే, తీసిన రక్తాన్ని కిడ్నీ ట్రేలో పోసి చూడండి, పప్పుచారు మీద తేలినట్టు నూనె చుక్కలు తేలితే అది మజ్జలోని కొవ్వు, లోపల ఎముక విరిగినట్టే.

సీటీలో మెట్టు 2, 3 మిల్లీమీటర్లు దాటితే ప్లేటు మాట ఎత్తుతాం, కానీ నేను అంతకంటే ఎక్కువ నమ్మేది ఊగడాన్ని. మోకాలు చాపి, మత్తులో పక్కకు వంచితే 10 డిగ్రీలు మించి తెరుచుకుంటోందంటే కట్టుతో ఆగదు. ఊగని మోకాలు, ఇంట్లోనే తిరిగే ముసలాయన అయితే అంత మెట్టున్నా చాలాసార్లు వదిలేస్తాను.

లిగమెంట్ (ఎముకను ఎముకకు కట్టే పట్టీ) పీకిన చిన్న ముక్క, తొడ ఎముక గుబ్బ వెనక చీలిక లాంటివి అరుదు, అవీ అదే సీటీలో దొరుకుతాయి.

ఎముకకు ఆపరేషన్ అని తేలినా, వాపు మీద కత్తి పెట్టొద్దు. చర్మం మీద మళ్లీ ముడతలు కనబడేదాకా ఆగాలి, వారం పది రోజులైనా పట్టొచ్చు. "ఇంకా ఎప్పుడు సార్" అని బంధువులు రోజూ అడుగుతారు, అడగనీయండి.