పల్లె పిల్లలకు జంతువుల డాక్యుమెంటరీ చూపించే పద్ధతి

నేను పాఠాలు చెప్పేది ఉమ్మడి కర్నూలు జిల్లాలో, రోళ్లపాడు అభయారణ్యానికి దగ్గరి పల్లెలో. మా తరగతిలో చాలామంది జీవాలు మేపే ఇళ్ల పిల్లలు. వాళ్లకు తోడేలంటే రాత్రి దొడ్డిలో పడి గొర్రెపిల్లను ఎత్తుకుపోయేది. కృష్ణజింకంటే పైరు మేసిపోయేది. ఇలాంటి పిల్లలకు డాక్యుమెంటరీ చూపించి ‘జంతువులను ప్రేమించండి’ అంటే మొహమాటానికి తలూపుతారు, అంతే. అందుకే ముందు వాళ్లను మాట్లాడనివ్వండి. ఎవరి చేను పోయింది, నాన్న కాపలాకు ఎక్కడ పడుకుంటాడు, అన్నీ చెప్పనివ్వండి. ఆ కోపం న్యాయమైనది. దాన్ని పక్కకు తోసి జాలి నేర్పలేం.

మొత్తం పెట్టకండి, వేట ఉన్న ముక్క చాలు. మొదట సౌండ్ తీసేసి చూపించండి, తర్వాత సౌండుతో. మ్యూజిక్ లేనప్పుడు పిల్లల కళ్లు జంతువు చెవుల మీద, డొక్కల మీద, ఎగశ్వాస మీద నిలుస్తాయి. మ్యూజిక్ వచ్చిందంటే హీరో ఎవరో, విలన్ ఎవరో ముందే తేలిపోతుంది. చాలా దూరం నుంచి పెద్ద లెన్సుతో తీస్తారు కాబట్టి అడుగుల చప్పుడు, నమిలే చప్పుడు ఎక్కువగా స్టూడియోలో కలిపినవేనని చెప్పండి. ఒకే వేటలా కనిపించేది ఒక్కోసారి వేర్వేరు రోజుల్లో తీసిన ముక్కల అతుకని కూడా చెప్పండి. ఇవన్నీ చెబితే పిల్లలకు నమ్మకం పోతుందని కొందరు టీచర్లు భయపడతారు. నేను చూసినంతలో ప్రశ్నలు పదునెక్కుతాయి. ‘ఇవాళ వేట తప్పిపోతే దాని పిల్లలేం తింటాయి సార్?’ అని అడుగుతారు. నేను ఇదంతా చేసేది ఆ ప్రశ్న కోసమే.

అక్కడి నుంచి మన ఊరి ప్రాణులకు రండి. 1988లో రోళ్లపాడును అభయారణ్యం చేసింది బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్ అనే పెద్ద పక్షి) కోసం. అది మామూలుగా విడతకు ఒకే గుడ్డు పెడుతుంది, అదీ ఉత్త నేల మీద. గడ్డినేలను బీడనుకుని దున్నేసినా, ఊరకుక్కలు తిరిగినా ఆ ఒక్కటీ దక్కదు. ఎగిరేటప్పుడు ఎదురుగా ఉన్న కరెంటు తీగలు దానికి సరిగా కనబడవు, తగిలి చచ్చిపోతుంది. ఆఫ్రికా సింహాన్ని చూసి కళ్లు తుడుచుకున్న పిల్లలు దీని సంగతి వినకుండా ఇంటికి పోకూడదు.

ఒక్క జాగ్రత్త. జాలి పుట్టిన పిల్లలు చేలో ఒంటరిగా కనిపించిన జింకపిల్లను ఎత్తుకొచ్చేస్తారు. తల్లి దాన్ని గడ్డిలో దాచి మేతకు పోతుందని ముందే చెప్పి ఉంచండి. ముట్టుకోకూడదు, చుట్టూ గుంపుగా చేరకూడదు, కుక్కలను అదిలించి దూరం జరగాలి. దెబ్బ తగిలి ఉంటే ఫారెస్టు వాళ్లకు కబురు చేయాలి.